అక్క, ఆంటీ, పెద్దమ్మ: ఒక జుట్టు రంగు రివ్యూ

రంగు బాగానే పట్టింది. రివ్యూలో అందరూ వెతికేది ఆ ముక్క కోసమే కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. తెల్ల వెంట్రుకలు నల్లగా మారిపోవు, లేత గోధుమ రంగులోకి దిగి మిగతా నల్లవాటిలో కలిసిపోతాయి. ఎనిమిది, తొమ్మిది తలస్నానాల దాకా నిలుస్తుంది. ముక్కు మండించే వాసన లేదు. నాకు దురద పెట్టలేదు. ఇది చాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఈ పెట్టె నా చేతికి రాకముందు పదకొండు నెలల పాటు ఏ రంగూ లేకుండా తిరిగాను. ఆ పదకొండు నెలల సంగతి వదిలేసి ఈ రంగు ఎలాంటిదో చెప్పడం నాకు చేతకావడం లేదు. అందుకని రివ్యూ కాస్త పొడుగవుతుంది. కంపెనీల పేర్లు రాయను. పాతదాన్ని తిట్టబోతున్నాను, కొత్తదాన్ని సగమే మెచ్చుకోబోతున్నాను, రెంటికీ పేర్లు అనవసరం.

నాకు 53 ఏళ్లు. కెమిస్ట్రీ లెక్చరర్ని. 35వ ఏట కణతల దగ్గర తెలుపు కనబడగానే రంగు మొదలుపెట్టాను. నాలుగు వారాలకొకసారి, అంటే ఏడాదికి 13 సార్లు చొప్పున 17 ఏళ్లు: 221 సార్లు. కలపడం, పూయడం, ఆరబెట్టడం, కడగడం, బాత్రూం గోడల మీద చుక్కలు తుడవడం కలిపి ఒక్కోసారికి గంటంపావు వేసుకున్నా 276 గంటలవుతుంది. ఈ లెక్క ఒకసారి మా ఆయనకి చెప్పాను. "ఇంతసేపు దేనికైనా కూర్చుని ఉంటే ఇంకో డిగ్రీ వచ్చేది కదా" అన్నారు. ఆయన తల 45వ ఏటికే పూర్తిగా తెల్లబడింది. ఆయన గంటలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

పాఠం చెప్పే అలవాటు పోదు కాబట్టి రెండు ముక్కలు. నిజానికి వెంట్రుక తెల్లబడదు. నల్లగా బయటికొచ్చింది నల్లగానే ఉంటుంది. కుదురులో మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోయాక, ఆ తర్వాత మొలిచేది తెల్లగా మొలుస్తుంది. శాశ్వత రంగు పెట్టెలో రెండు భాగాలుంటాయి. ఒకదాంట్లో పారా ఫినిలీన్ డయమీన్ (పొట్టిగా పీపీడీ) లాంటి చిన్న అణువులు, వాటితో పాటు క్షారం. రెండోదాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్. క్షారం వెంట్రుక పైపొరని ఉబ్బిస్తుంది, చిన్న అణువులు లోపలికి దూరతాయి, పెరాక్సైడ్ వాటిని ఒకదానికొకటి అతికించి పెద్ద రంగు అణువులు చేస్తుంది. పెద్దవయ్యాక వచ్చిన దారిన పోలేవు. సన్నగా ఉన్నప్పుడు కిటికీలోంచి దూరి, లోపల తిని లావెక్కి ఇరుక్కుపోయిన దొంగలాగా.

పెట్టె మీద "అమ్మోనియా లేదు" అని పెద్దక్షరాల్లో ఉంటే మురిసిపోకండి. చాలావాటిలో అమ్మోనియా బదులు ఎథనాలమీన్ ఉంటుంది. అదీ క్షారమే. అంత తేలిగ్గా ఆవిరి కాదు కాబట్టి వాసన రాదు, పని మాత్రం అదే చేస్తుంది. అలాగే "హెర్బల్" అని ఆకు బొమ్మ వేసిన నల్ల హెన్నా పొడులు. గోరింటాకులో ఉండే లాసోన్ ఇచ్చేది ఎరుపు, నారింజ ఛాయ. అరగంటలో నల్లగా పట్టిందంటే అందులో ఇంకేదో కలిసి ఉంటుంది, చాలాసార్లు అది పీపీడీయే. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి.

ఇంత చదువూ ఉన్నదాన్ని, పెట్టె మీద 48 గంటల ముందు చర్మం మీద కొంచెం రాసి చూసుకోమని ఉన్న మాటని మాత్రం ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. ల్యాబ్‌లో కళ్లద్దాలు పెట్టుకోని పిల్లల్ని బయటికి పంపేదాన్ని. ఇంట్లో నేనే అలా. రెండు వందల సార్లు ఏమీ కానిది ఇప్పుడేమవుతుందిలే అనుకున్నాను. అలర్జీ ఆ లెక్కన నడవదు. ఎన్నిసార్లు తగిలినా ఊరుకున్న ఒళ్లు ఏదో ఒక రోజు ఒప్పుకోనంటుంది, ఆ తర్వాత జన్మలో ఒప్పుకోదు. 221వ సారి వేసుకున్న మర్నాడు చెవుల వెనక దద్దుర్లు, ఆ మర్నాటికి కంటి రెప్పలు రెండూ ఉబ్బి సందులోంచి చూడాల్సి వచ్చింది. స్కిన్ డాక్టర్ వీపు మీద పట్టీలు అతికించి పరీక్ష చేసి, పీపీడీ అని తేల్చింది. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2006కి "ఈ ఏటి అలర్జీ కారకం" అని బిరుదిచ్చింది దీనికేనట. "మేడం, ఇక ఇది మీకు లేదు" అంది డాక్టర్.

అలా ఆపాను. విప్లవం కాదు, సిద్ధాంతం కాదు. రెప్పలు వాచాయి కాబట్టి ఆపాను. దీన్ని "ధైర్యం" అని మెచ్చుకున్నవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను. తెల్ల జుట్టుతో వచ్చిన మగాణ్ణి ఎవరూ ధైర్యవంతుడనరు.

జుట్టు నెలకి ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. మొదటి నెల పాపిట వెంట సన్నటి తెల్ల గీత. మూడో నెలకి అది బాట. అయిదో నెల అన్నిటికన్నా ఘోరం, పైన సగం తెలుపు, కింద సగం పాత రంగు పాలిపోయిన ఎరుపు. ఆ నెలలో నన్ను చూసినవాళ్లు అడిగింది ఒకటే: "ఒంట్లో బాగుండటం లేదా?" కాలేజీలో తెలిసిన ఒకావిడైతే గొంతు తగ్గించి, చెయ్యి పట్టుకుని, "ఏదైనా ట్రీట్‌మెంటా?" అంది. నేను అలర్జీ కథంతా చెప్పాను. ఆవిడ నమ్మలేదని ముఖంలోనే తెలిసింది. ఎనిమిదో నెలలో కింది ఎరుపంతా కత్తిరించేశాను. అప్పటి నుంచి నా తల భుజాల దాకా కూడా రాని తెల్లటి తల.

పిలుపుల సంగతి. మన భాషలో ఈ కష్టం ఎక్కువ. తెలియని మనిషిని పిలవాలన్నా ఏదో ఒక వరస కలపాలి, వరస కలపాలంటే ముందు వయసు కట్టాలి. ముప్పయ్యో ఏట నేను అక్కని. నలభైలో ఆంటీని, దానికి అలవాటు పడటానికే రెండేళ్లు పట్టింది. రంగు ఆపాక ఆరు నెలల్లో ఆంటీ నుంచి పెద్దమ్మ దాకా వెళ్లాను. ఆ తర్వాత ఒక రోజు బస్సులో మీసాలు వచ్చిన కుర్రాడు లేచి, "కూర్చో మామ్మా" అన్నాడు. కూర్చున్నాను. మోకాలు నొప్పిగానే ఉంది. కానీ వాడి వయసు నా కూతురి వయసంత ఉంటుంది, నేను వాడికి మామ్మ ఎలా అవుతానని దిగేదాకా లెక్కలు వేస్తూనే ఉన్నాను.

పిలుపు మారడం వరకైతే నవ్వుకోవచ్చు. పిలుపుతో పాటు చూపు మళ్లే దిక్కు మారుతుంది. ఫోన్ కొనడానికి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఫోన్ నాకు, కార్డు నాది, ప్రశ్న అడిగింది నేను: ఇందులో మెమరీ తర్వాత పెంచుకోవచ్చా అని. అమ్మే అబ్బాయి మా అమ్మాయి వైపు తిరిగి జవాబు చెప్పాడు. మళ్లీ నేనే అడిగాను, మళ్లీ దాని వైపే చెప్పాడు. మూడోసారి నాతో అన్నాడు, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గొంతు పెంచి: "పెద్దమ్మా, మీకు ఫోటోలు, వీడియో కాల్స్ చాలు కదా!" అంతకు రెండేళ్ల ముందు, నల్ల జుట్టుతో, ఇలాంటి షాపులోనే ల్యాప్‌టాప్ కొన్నాను. అప్పుడు "మేడం" అంటూ ప్రాసెసర్ గురించి నాకే చెప్పారు. ఈ రెండేళ్లలో నాకు తెలిసింది పెరిగిందే తప్ప తగ్గలేదు. తగ్గింది తల మీది మెలనిన్ ఒక్కటే, అదీ అంతకు ముందే తగ్గిపోయి కనబడకుండా ఉంది.

డాక్టర్ల దగ్గరా ఇదే. భుజం నొప్పి అంటే "వయసు", నిద్ర పట్టడం లేదంటే "వయసు". ఒకాయన నా ఫైలు తెరవకముందే అనేశాడు. మా ఆయనకి అదే భుజం నొప్పి వస్తే స్కానింగ్ రాశారు. ఆయన నాకన్నా మూడేళ్లు పెద్ద. అన్నట్టు, ఆ స్కానింగ్‌కి వెళ్లినప్పుడే రిసెప్షన్‌లో అమ్మాయి ఆయన్ని అడిగింది, "సార్, పేషెంటు మీ అక్కగారా?" అని. ఆయన మర్యాదస్థుడు, నవ్వలేదు. కారెక్కాక నవ్వారు.

మా అక్కయ్య సంగతి వేరు. తనకి 58. ప్రతి మూడు వారాలకీ రంగు వేస్తుంది, ఒక్కటి కూడా బయటపడనివ్వదు. నా తల చూసి తనకి కన్నీళ్లొక్కటే తక్కువ. "ఏమే, నువ్వలా తిరిగితే నన్నెంత అనుకుంటారే?" అంది. నేను తన చెల్లెల్ని. చెల్లెలు తెల్లగా ఉంటే అక్క వయసు బట్టబయలవుతుంది. దాని భయం నాకు సిల్లీగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. తను ఒక ఆఫీసులో ముందు డెస్కులో కూర్చుని వచ్చేవాళ్లని పలకరించే ఉద్యోగం చేస్తుంది. ఆ డెస్కులో తెల్ల తల ఎన్ని నెలలు ఉండనిస్తారో తనకి తెలుసు.

అసలు దెబ్బ కాలేజీలో తగిలింది. దాని గురించి రాయడానికే ఇంత దూరం వచ్చాను.

మా వాళ్లు పాఠాలన్నీ వీడియోలుగా తీయిస్తున్నారు. నా వంతు పాఠం ఎనిలీన్ అనే రసాయనం, దాన్నుంచి డయజోనియం లవణాలు, వాటి నుంచి ఎజో అనే రకం రంగులు. ఇరవై ఏడేళ్లుగా చెబుతున్న పాఠం. మంచులో ఉంచిన పరీక్షనాళికలో రెండు రంగులేని ద్రావణాలు కలవగానే గుప్పున నారింజ రంగు పుడుతుంది. ఎన్నిసార్లు చూపించినా వెనక బెంచీ దాకా "ఓ" అంటుంది. ఆ రోజు రికార్డింగ్ చూసే అబ్బాయి నన్ను కెమెరా ముందు నిలబెట్టి, లైట్లు అటూ ఇటూ జరిపి, తెర మీద చూసుకుని, బయటికెళ్లి పెద్దవాళ్లతో ఏదో మాట్లాడొచ్చాడు. వచ్చి చాలా వినయంగా చెప్పాడు. "మేడం, నోట్స్ మీరివ్వండి. కెమెరా ముందు కొత్త మేడంతో చెప్పిద్దాం. పిల్లలకి కొంచెం ఫ్రెష్‌గా ఉంటుంది."

ఎనిలీన్ ముసలిదైపోయిందా బాబూ అని అడగాలనుకున్నాను. అడగలేదు. "సరే" అన్నాను. ఆ "సరే" గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పక్క గదిలో ఫిజిక్స్ లెక్చరర్ రికార్డింగ్ నడుస్తోంది. ఆయన నాకన్నా రెండేళ్లు పెద్ద, తల మొత్తం తెలుపు, గడ్డం కూడా తెలుపు. ఆయన పాఠాలు ఆరు తీశారు. "సార్‌కి ఆ లుక్ భలే ఉంది, సైంటిస్టులా" అన్నాడు అదే అబ్బాయి. ఆయన మంచి టీచరు, ఆయన మీద నాకేం లేదు. కానీ ఆయన తెలుపు చదువు లెక్కలోకి వెళ్లింది, నాది వయసు లెక్కలోకి వెళ్లింది. మగవాళ్ల కోసం అమ్మే రంగుల్లో, కావాలనే కొంచెం తెలుపు మిగిల్చే రకం ఒకటుందని మీకు తెలుసా? వాళ్లకి కొంచెం తెలుపు ఉండటం ఒక సౌకర్యం. ఆడవాళ్ల పెట్టెల మీద ఉండే మాట మాత్రం "నూరు శాతం కప్పుతుంది".

నోట్స్ తీసుకోవడానికి కొత్త మేడం వచ్చింది. ఆ అమ్మాయికి 29. సిగ్గుతో తలెత్తలేదు. "మేడం, నాకు కూడా కెమెరా ముందుకి వెళ్లాలని లేదు" అంది. ఎందుకమ్మా అంటే ఫోన్ తీసి పాత వీడియో కింద వ్యాఖ్యలు చూపించింది. పాఠం గురించి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఆమె కళ్లు, ఆమె మెడ, ఆమెకి పెళ్లయిందా లేదా. నాకు నా 26వ ఏడు గుర్తొచ్చింది. పరీక్ష డ్యూటీకి వెళ్తే గేటు దగ్గర ఆపి, హాల్ టికెట్ చూపించమన్నారు. లెక్చరర్నంటే నమ్మలేదు. స్టాఫ్ రూమ్‌లో ఒక పెద్దాయన, "ఇంత చిన్నపిల్లవి, వీళ్లని ఎలా అదుపులో పెడతావమ్మా" అనేవాడు. అప్పుడు వయసు చాలదన్నారు, ఇప్పుడు ఎక్కువైందంటున్నారు. మధ్యలో సరిపోయిన ఏడు ఏదో నేను గమనించేలోపే వెళ్లిపోయినట్టుంది. ఆ అమ్మాయీ నేనూ ఆ పూట నోట్స్ పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇది నా ఒక్కదాని అనుమానమా అని ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. 1981లో అమెరికాలో క్రిస్టీన్ క్రాఫ్ట్ అనే వార్తల యాంకర్‌ని ఆ కుర్చీలోంచి తప్పించారు. ప్రేక్షకుల దృష్టిలో ఆమె వయసెక్కువ, అందం తక్కువ, మగవాళ్ల పట్ల అణకువ చాలదు అని తనతో చెప్పారంది. అప్పటికి ఆమె వయసు ముప్పయ్యుల్లోనే. కోర్టుకెళ్తే 1983లో జ్యూరీ ఆమె పక్షం నిలిచింది, పై దశల్లో ఆ తీర్పు నిలవలేదు. బ్రిటన్‌లో మిరియం ఓరైలీ అనే టీవీ వ్యాఖ్యాత బీబీసీ మీద వేసిన వయసు వివక్ష కేసు 2011లో గెలిచింది. కెనడాలో లిసా లాఫ్లామ్ అనే యాంకర్ కరోనా కాలంలో సెలూన్లు మూతబడితే రంగు మానేసి, తెల్ల జుట్టుతోనే వార్తలు చదివింది. 2022లో, 58వ ఏట, 35 ఏళ్లు పనిచేసిన ఛానల్ ఆమె కాంట్రాక్టు ముగించింది. వయసు గానీ జుట్టు గానీ కారణం కాదని కంపెనీ అధిపతి అన్నాడు. జనం నమ్మలేదు, పెద్ద గొడవైంది.

వీళ్లంతా తెర మీది మనుషులు, మనకేంటి అనుకునేవాళ్లకి ఇంకొకటి. అమెరికాలో డేవిడ్ న్యూమార్క్, ఆయనతో పాటు మరో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు వేర్వేరు వయసుల పేరిట 40,000కు పైగా ఉద్యోగ దరఖాస్తులు పంపి, ఎన్నిటికి తిరిగి పిలుపొస్తుందో చూశారు. వయసు పైబడిన ఆడవాళ్ల విషయంలో వివక్షకి గట్టి ఆధారం దొరికింది. మగవాళ్ల విషయంలో అంత స్పష్టంగా లేదు. దరఖాస్తు కాగితంలో జుట్టు కూడా కనబడదు.

ఈ పదకొండు నెలల్లో మంచి ఏమీ లేదా అంటే ఉంది, అదీ చెప్పాలి. పద్నాలుగో ఏట నుంచి రోడ్డు మీద, బస్సులో, లిఫ్టులో వెంటాడిన చూపులు పూర్తిగా పోయాయి. లిఫ్టులో నలుగురు మగవాళ్ల మధ్య నిలబడితే మోచెయ్యి దానంతటదే అడ్డం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. ఒకసారి రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా నడుస్తూ పాట పాడుకుంటున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. ఆ హాయికి రంగు ఏదీ సాటి రాదు. చిక్కేమిటంటే, అదే కనబడకపోవడం ఫోన్ షాపులోనూ ఉంటుంది, కాలేజీలోనూ ఉంటుంది. ఎక్కడ కనబడాలో ఎక్కడ అక్కర్లేదో ఎంచుకునే వీలు లేదు.

మరి మళ్లీ ఎందుకు వేశాను? రెండో విడత రికార్డింగులు మొదలవుతున్నాయి కాబట్టి. ఎనిలీన్ పాఠం పోయింది, పాలిమర్ల పాఠం కూడా పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఇది అందం కోసం కాదని అనను, కొంచెం అదీ ఉంది. ఎక్కువగా మాత్రం ఇది గుర్తింపు కార్డు లాంటిది, లోపలికి వెళ్లనివ్వడానికి చూపించేది.

స్కిన్ డాక్టర్‌ని అడిగి, పదార్థాల జాబితా ముందే ఆవిడకి చూపించి తెచ్చుకున్న రంగు ఇది. పెరాక్సైడ్ లేదు, పీపీడీ లేదు. నేరుగా పైన పట్టే రంగు, అందుకే కొన్నాళ్లకి కడుక్కుపోతుంది. పీపీడీ పడనివాళ్లకి దాని చుట్టాలైన కొన్ని రంగులు కూడా పడకపోవచ్చు, కాబట్టి నన్ను చూసి కొనకండి, డాక్టర్‌ని అడగండి. ఈసారి చెవి వెనక చుక్క రాసి 48 గంటలూ గడియారం చూసుకుని మరీ ఆగాను.

వాడకంలో ఇబ్బందులున్నాయి. గ్లౌజులు ఎవరి చేతుల కొలతకి చేశారో తెలియదు, ఒక్కోదాంట్లో నా చేతిలాంటివి రెండు పడతాయి. చెమట పడితే మొదటి రెండు రోజులు మెడ మీద గోధుమ రంగు గీతలు దిగుతాయి, దిండు గలీబు పాతది వేసుకోండి. కణతల దగ్గర తెలుపు మొండిది, అక్కడ పది నిమిషాలు ఎక్కువ ఉంచాలి.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది లోపలి కాగితం. ఈ పెట్టె కొనేది ఎవరు? ఎక్కువమంది నలభై దాటినవాళ్లు. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గుతుంది. కాగితంలో అక్షరాలు మాత్రం చీమ కాళ్లంత. చదవాలంటే కళ్లజోడు కావాలి. రంగు పూసుకున్నాక కళ్లజోడు పెట్టుకుంటే దాని కాళ్లకి రంగు అంటుతుంది. తీసేస్తే ఎన్ని నిమిషాలో కనబడదు. నేను కళ్లజోడు కాళ్లకి రెండు వైపులా ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేస్తాను. ఈ చిట్కా ఒక్కటే ఈ రివ్యూలో అందరికీ పనికొచ్చేది కావచ్చు.

పార్లర్‌కి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. అక్కడ రంగు వేసే అమ్మాయి చేతికి గ్లౌజులు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే వేసుకోమనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ, సొంతానికి రంగు వేసుకునేవాళ్ల విషయంలో ఏదీ తేల్చడానికి ఆధారాలు చాలవంది. వృత్తిగా ఈ పనిచేసే వాళ్లకి మాత్రం క్యాన్సర్ ముప్పు బహుశా ఉంటుందని, ఆ పనిని 2ఏ అనే వర్గంలో పెట్టింది. మన వయసు దాచడానికి ఆ పిల్ల చేతులు రోజంతా అందులో మునుగుతాయి.

రంగు వేసుకున్న వారానికి రికార్డింగ్ గదికి వెళ్లాను. అదే అబ్బాయి, అవే లైట్లు, నాది అదే కళ్లజోడు. తెర మీద చూసి, "మేడం, సెలవులకి ఎక్కడికైనా వెళ్లొచ్చారా? ఫ్రెష్‌గా ఉన్నారు" అన్నాడు. పాలిమర్లు రెండు భాగాలు ఒక్క టేకులో చెప్పాను. కొత్త మేడం వెనక నిలబడి బొటనవేలు ఎత్తి చూపించింది. ఎనిలీన్ మళ్లీ తీద్దామా అని అతనే అడిగాడు. ఇప్పుడు కుదరదన్నాను. ఆ "కుదరదు" అన్నందుకు రెండు రోజులు సంతోషంగా ఉన్నాను, మూడో రోజు అతనికి ఫోన్ చేసి ఒప్పుకున్నాను. ఆ నారింజ రంగు గుప్పున పుట్టే క్షణం కెమెరాలో పడాలి కదా మరి.

పెట్టె మూత లోపల ఒక కోడ్ ఉంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే కంపెనీవాళ్ల అభిప్రాయ సేకరణ ఫారం వస్తుంది. మొదటి ప్రశ్న వయసు. 18 నుంచి 25, 26 నుంచి 35, 36 నుంచి 45. ఆ తర్వాత ఒక్కటే గడి: 45 పైన. నేనూ, అక్కయ్యా, 80 ఏళ్ల వాళ్లూ అందరం ఆ ఒక్క గడిలోనే. దాన్ని నొక్కాను. చివర్లో సలహాల పెట్టె ఉంది, నూరు అక్షరాలు దాటకూడదట. "కాగితంలో అక్షరాలు పెద్దవి చేయండి" అని రాశాను. ఇంకా చోటు మిగిలింది. ఏం రాయాలో కాసేపు ఆలోచించి, "రంగు బాగానే పట్టింది" అని రాసి పంపేశాను.